ఒక్క టికెట్టు... పదకొండు దేశాలు

ఉరుగ్వే ఏడు గోల్స్ కొట్టింది. ఐవరీకోస్ట్ మూడు. ఇటలీ ఒకటి. వెరసి మూడు మ్యాచ్‌ల్లో పదకొండు. తిరిగి కొట్టింది సున్నా. 2013 అక్టోబరులో యూఏఈలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ కుర్రాళ్ళ కథ ఇంతే. గ్రూపు దశ అవగానే సంచులు సర్దుకుని విమానం ఎక్కేశారు. ఆ టోర్నీ గురించి తర్వాత ఎవరు రాసినా నైజీరియా గురించే రాశారు. నవంబరు 8న అబూదబీలో జరిగిన ఫైనల్లో ఆ జట్టు మెక్సికోను 3-0తో చిత్తు చేసి నాలుగోసారి కప్పు ఎత్తుకుంది. కెలెచి ఇహెనాచో అనే పదిహేడేళ్ళ పిల్లాడు ఉత్తమ ఆటగాడిగా నిలిచి, అటు నుంచి ఇంగ్లండ్ చేరి మాంచెస్టర్ సిటీకి ఆడాడు. అలాంటి పిల్లాడు ఉన్నచోట న్యూజిలాండ్ ఎవరికి గుర్తుంటుంది?

అయితే ఆ కుర్రాళ్ళు ఒక్క న్యూజిలాండ్ తరఫునే రాలేదు. ఫుట్‌బాల్ ప్రపంచాన్ని ఫిఫా ఆరు సమాఖ్యలుగా పంచింది. అందులో జనాభా లెక్కన అన్నిటికంటే చిన్నది ఓషియానియా. న్యూజిలాండ్, ఫిజీ, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు, న్యూ కాలెడోనియా, తహితి, సమోవా, అమెరికన్ సమోవా, టోంగా, కుక్ దీవులు... మొత్తం పదకొండు పూర్తి సభ్యత్వాలు. యూఏఈలో ఆడిన జట్లు 24. యూరప్‌కు, ఆఫ్రికాకు, దక్షిణ అమెరికాకు, ఆసియాకు తలా కొన్ని చోట్లు దక్కాయి. ఈ పదకొండింటికీ కలిపి దక్కింది ఒక్కటి. దానికోసం ఆ ఏడాది ఏప్రిల్లో వనువాటులో దీవుల పిల్లలంతా చేరి తలపడ్డారు. గెలిచింది న్యూజిలాండ్. 2007లోనూ, 2009లోనూ, 2011లోనూ అదే. అంతకుముందు చాలా ఏళ్ళు, అప్పట్లో ఇదే సమాఖ్యలో ఉన్న ఆస్ట్రేలియా. పెద్ద జట్టు మారిందే తప్ప మిగిలిన పది దేశాల పిల్లలకు దక్కింది మారలేదు: టీవీలో చూడటం.

ఈ కథనం ఆ పది దేశాల గురించి. వాటి అదృష్టం చాలాసార్లు గల్ఫ్ ఇసుక మీదే ఎందుకు తేలిందో, మధ్యలో మన తెలుగువాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో చెప్పడానికి.

కరీంనగర్ అంత దేశం

ముందు ఈ దేశాల సైజు మనసుకు ఎక్కాలి. 2011 జనాభా లెక్కల్లో కరీంనగర్ పట్టణంలో రెండు లక్షల అరవై వేల చిల్లర మంది ఉన్నారు. న్యూ కాలెడోనియా దీవుల జనాభా దాదాపు అంతే. తహితి పేరుతో ఆడే ఫ్రెంచ్ పాలినీషియా కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. వనువాటు మూడు లక్షలు, టోంగా లక్ష. అమెరికన్ సమోవా యాభై వేలు, కుక్ దీవులు పదిహేను వేలు. ఇవి మన మండల కేంద్రాల లెక్క. ఇంత జనంలోంచి పదిహేడేళ్ళలోపు మగపిల్లల్ని ఏరి, అందులోంచి బంతి ఆడగలిగేవాళ్ళను ఏరి, మళ్ళీ అందులోంచి పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను ఏరితే జట్టు అవుతుంది. పాస్‌పోర్టు మాట వేళాకోళానికి అన్నది కాదు. 2001 ఏప్రిల్లో ఆస్ట్రేలియా తీరంలోని కాఫ్స్ హార్బర్‌లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడటానికి అమెరికన్ సమోవా బయల్దేరింది. పెద్ద ఆటగాళ్ళలో చాలామందికి సరైన పాస్‌పోర్టులు లేవని తేలింది. పోనీ అండర్-20 కుర్రాళ్ళను తీసుకుపోదామంటే వాళ్ళకు బడి పరీక్షలు. చివరికి పదిహేనేళ్ళ పిల్లలను కూడా కలుపుకుని వెళ్ళారు. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా సున్నా. ఆర్చీ థాంప్సన్ అనే ఒక్క స్ట్రైకరే 13 గోల్స్ కొట్టాడు. అంతర్జాతీయ ఫుట్‌బాల్లో అంత తేడాతో ముగిసిన మ్యాచ్ మరొకటి లేదు.

2015 పసిఫిక్ క్రీడల్లో అండర్-23 జట్లు ఆడినప్పుడు మైక్రోనీషియా అనే దేశం ఇంకా ఘోరం చవిచూసింది. తహితి మీద 30-0, ఫిజీ మీద 38-0, వనువాటు మీద 46-0. మైక్రోనీషియా ఫిఫా సభ్యురాలు కాకపోవడంతో అవి రికార్డు పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఈ అంకెలు చదివి నవ్వొస్తే నవ్వుకోవచ్చు, నేనూ నవ్వాను. తర్వాత ఒక ప్రశ్న మిగులుతుంది: ఇన్ని గోల్స్ తిన్నాక కూడా మరుసటి మ్యాచ్‌కు ఆ కుర్రాళ్ళు బూట్లు ఎలా కట్టుకున్నారు?

దీవి నుంచి దీవికి విమానాలు రోజూ ఉండవు. వారంలో ఒకటీ రెండూ ఉండే దారులున్నాయి. ఇంటా బయటా పద్ధతిలో మ్యాచ్‌లు పెడితే టికెట్ల ఖర్చుకే సంఘాలు దివాళా తీస్తాయి. అందుకని అండర్-17, అండర్-20 పోటీలంటే అందరూ ఒకే దేశంలో దిగి, రెండు వారాలపాటు రోజు విడిచి రోజు ఆడి ముగించేస్తారు. తువాలు అనే దేశం ఫిఫాలోనే లేదు. దాని రాజధాని ఫునఫుతిలో ఖాళీ జాగా ఎంత కరువంటే విమానాలు లేని పూట కుర్రాళ్ళు రన్‌వే మీదే ఆటలాడుకుంటారు. ఆ తువాలు 2007 పసిఫిక్ క్రీడల్లో తహితితో 1-1గా డ్రా చేసుకుంది.

ఇసుక మీద పరీక్ష

యూఏఈలో ఫిజీ పేరు ఎత్తితే ఎవరికైనా ముందు తట్టేది రగ్బీ. ఏటా దుబాయ్‌లో జరిగే సెవెన్స్ టోర్నీలో ఫిజీ జట్టుకు తిరునాళ్ళ జనం. 2016లో, తర్వాత టోక్యోలో వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జట్టది. ఫుట్‌బాల్‌కు ఆ హంగు లేదు. అయినా ఓషియానియా ఫుట్‌బాల్ మెట్లు లెక్కపెడితే నాలుగైదు మెట్లు ఈ దేశంలోనే తగులుతాయి.

మొదటిది 2003. అండర్-20 కుర్రాళ్ళ ప్రపంచ పోటీలు ఆ ఏడాది మార్చిలో యూఏఈలో జరగాల్సింది. ఇరాక్ యుద్ధం వచ్చి పడింది. పోటీలను నవంబరు, డిసెంబరుకు జరిపారు. ఇనియెస్టా, మాస్కెరానో, ఫెర్నాండిన్యో అప్పటికి ఇంకా పిల్లలు. ఫైనల్లో స్పెయిన్ మీద బ్రెజిల్ తరఫున ఒకే ఒక్క గోల్ కొట్టింది ఫెర్నాండిన్యోనే. ఓషియానియాకు ఉన్న ఒక్క టికెట్టూ ఆనాడు ఆస్ట్రేలియా చేతిలో ఉంది. ఆ ఆస్ట్రేలియా గ్రూపు దశలో ఏకంగా బ్రెజిల్‌నే 3-2తో ఓడించింది. తీరా ప్రీక్వార్టర్స్‌లో ఆతిథ్య యూఏఈ ఎదురైంది. ఇస్మాయిల్ మతర్ అనే బక్కపలచని కుర్రాడి గోల్‌తో 1-0. ఆస్ట్రేలియా ఇంటికి, యూఏఈ క్వార్టర్ ఫైనల్‌కు. అక్కడ కొలంబియా చేతిలో 1-0తో ఓడినా, టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడి బహుమతి మతర్‌దే. బ్రెజిల్, స్పెయిన్ కుర్రాళ్ళను పక్కన పెట్టి ఎడారి దేశపు పిల్లాడికి ఆ బంగారు బంతి ఇస్తుంటే చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2007 జనవరిలో, అదే మతర్ యూఏఈకి మొదటి గల్ఫ్ కప్ గెలిపించాడు.

ఇక్కడ ఒక పాత లెక్క తీయాలి. 1990లో యూఏఈ మొదటిసారి, ఇప్పటిదాకా చివరిసారి, పెద్దల ప్రపంచకప్ ఆడింది. కొలంబియా చేతిలో 2-0, పశ్చిమ జర్మనీ చేతిలో 5-1, యుగోస్లావియా చేతిలో 4-1. తిన్న గోల్స్ పదకొండు. 2013లో న్యూజిలాండ్ పిల్లలు తిన్నవీ పదకొండే. ఆ 2013 టోర్నీలోనే ఇంట్లో ఆడుతూ కూడా యూఏఈ కుర్రాళ్ళు హోండూరస్, బ్రెజిల్, స్లొవేకియా ముగ్గురి చేతిలోనూ ఓడారు. బ్రెజిల్ అయితే ఆరు కొట్టింది. డబ్బుకు కొదవలేని దేశం, ఎయిర్ కండిషన్డ్ అకాడమీలున్న దేశం. దానికే ఇంత కాలం పడుతోంది. ఇక ఒకే ఒక్క పచ్చిక మైదానం ఉన్న దీవి మాటేమిటి?

డబ్బు కొలత పక్కన పెట్టి చూస్తే దీవుల వాళ్ళు ఏపాటివాళ్ళో తెలిసే ఆట ఇంకొకటుంది. బీచ్ సాకర్. ఇసుకలో అయిదుగురు, ఉత్త కాళ్ళు. 2009లో దుబాయ్‌లో ఆ ప్రపంచకప్ జరిగితే ఓషియానియా నుంచి సోలమన్ దీవులు వచ్చింది. ఆ తర్వాత తహితి లేచింది. 2015లోనూ 2017లోనూ ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. మొదటిసారి పోర్చుగల్, రెండోసారి బ్రెజిల్ అడ్డుపడ్డాయి. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ దుబాయ్‌లోనే పోటీలు జరిగినప్పుడు తహితి ఉంది. రెండు లక్షల ఎనభై వేల జనం ఉన్న దేశం ప్రపంచ ఫైనల్ రెండుసార్లు ఆడిందంటే పిల్లల్లో సత్తువ లేదనే మాట చెల్లదు. పదకొండు మంది ఆటకు కావాల్సిన మైదానాలు, కోచ్‌లు, ఏడాది పొడుగునా మ్యాచ్‌లు లేవు, అంతే.

పెద్దల క్లబ్బులూ ఇటే వచ్చాయి. 2010లో పాపువా న్యూగినీ క్లబ్బు హెకారి యునైటెడ్ చరిత్ర తిరగరాసింది. అప్పటిదాకా ఓషియానియా క్లబ్బు కిరీటం ఆస్ట్రేలియాదో న్యూజిలాండ్‌దో. హెకారి న్యూజిలాండ్‌కు చెందిన వైటాకెరెను ఫైనల్లో ఓడించి ఆ డిసెంబరులో అబూదబీలో క్లబ్ ప్రపంచకప్‌కు దిగింది. స్థానిక అల్ వహ్దా 3-0తో మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి పంపింది. 2018లో న్యూజిలాండ్ నుంచే వచ్చిన టీమ్ వెల్లింగ్టన్ అల్ ఐన్ క్లబ్బు మీద వాళ్ళ సొంత ఊళ్ళో 3-0 ఆధిక్యం సంపాదించింది. పగలు ఉద్యోగాలూ సాయంత్రం ప్రాక్టీసూ చేసుకునే ఆటగాళ్ళ జట్టది. తర్వాత 3-3 అయింది, పెనాల్టీల్లో చేజారింది. ఆ అల్ ఐన్ అక్కడినుంచి ఫైనల్ దాకా వెళ్ళి రియల్ మాడ్రిడ్‌తో ఆడింది. 2022 ఫిబ్రవరిలో కోవిడ్ నిబంధనల మూలంగా ఆక్లండ్ సిటీ రాలేకపోతే, ఆ చోటులో తహితి నుంచి పిరాయె క్లబ్బు అబూదబీలో దిగింది. అల్ జజీరా చేతిలో 4-1. ఓటములే, కాదనను. ఓషియానియా నుంచి బయల్దేరిన జట్టుకు గడియారం చాలా గంటలు మారిపోతుందన్న సంగతి కూడా ఆ స్కోరులో కలిసే ఉంటుంది.

చెరకు తోటల్లోంచి వచ్చిన ఆట

ఈ మొత్తం కథలో ఫిజీ దగ్గర కాస్త నిలబడాలి. ఎందుకంటే ఫిజీలో ఫుట్‌బాల్‌ను నాటినవాళ్ళలో మనవాళ్ళున్నారు.

1879 నుంచి 1916 దాకా బ్రిటిష్‌వాళ్ళు అరవై వేల మందికి పైగా భారతీయులను అయిదేళ్ళ ఒప్పందం కూలీలుగా ఫిజీకి తరలించారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903లో మద్రాసు రేవు కూడా తెరిచారు. అక్కడినుంచి పదిహేను వేల మంది దాకా వెళ్ళారు: విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాడు వైపు తెలుగు తమిళులు, కొందరు మలయాళీలు. కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చెరకు తోటల్లో వాళ్ళ వెన్ను విరిగింది. ఆ ఒప్పందాన్ని వాళ్ళు గిర్మిట్ అన్నారు, తమను తాము గిర్మిటియాలన్నారు. ఒప్పందం తీరాక చాలామంది తిరిగి రాలేదు. కౌలుకు చెరకు వేసుకుని బా, లౌతోకా, నాందీ, రాకిరాకి, లంబాసాల్లో ఉండిపోయారు. ఉత్తరాది వాళ్ళ మధ్య దక్షిణాది వాళ్ళకు గుళ్ళు, బళ్ళు కావాలని 1926లో నాందీలో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం పుట్టింది. తెలుగుకు ప్రత్యేకంగా చోటుండాలని 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం విడిగా ఏర్పడింది. ఇప్పటికీ ఫిజీ టెలిఫోన్ డైరెక్టరీలో రెడ్లూ నాయుళ్ళూ దండిగా కనిపిస్తారు.

తోటల్లో ఆదివారం దొరికే ఆటవిడుపు ఒక్కటే, బంతి. చెరకు మిల్లు ఉన్న ప్రతి ఊరూ ఒక ఫుట్‌బాల్ ఊరైంది. 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకుని జిల్లా జట్ల మధ్య పోటీలు మొదలుపెట్టారు. రేవా మొదటి విజేత. ఆ ఇంటర్ డిస్ట్రిక్ట్ టోర్నీ ఫిజీ భారతీయులకు మన సంక్రాంతి లాంటిదైంది. ఊళ్ళకు ఊళ్ళు బస్సులు కట్టుకుని కదిలేవి. పేరులో ఇండియన్ అని ఉండటం వల్ల చాలాకాలం అందులో ఆడింది భారతీయులే. 1960ల మొదట్లో ఆ మాట తీసేసి అందరికీ తలుపులు తెరిచారు. మరికొన్నేళ్ళకు ఫిజీ ఫిఫాలో చేరింది. ఇప్పుడు జాతీయ జట్టులో ఎక్కువమంది స్థానిక ఇతౌకెయి కుర్రాళ్ళు. గ్యాలరీలో, క్లబ్బు కమిటీల్లో, టీ కొట్ల దగ్గర వాదనల్లో భారతీయ సంతతి వాళ్ళు ఎక్కువ. దక్షిణాది సంగం ఏటా ఈస్టర్ సెలవుల్లో జరిపే మహాసభల్లో ఇప్పటికీ ఫుట్‌బాల్ టోర్నీ ఉంటుంది. అటు ప్రసంగాలు, ఇటు పెనాల్టీలు. మన తెలుగు మహాసభలకు ఇలాంటిదొకటి జోడిస్తే హాజరు పెరుగుతుందని నా సలహా.

ఒక తేడా చూడండి. నూరేళ్ళ కిందట తూర్పుకు ఓడెక్కిన తెలుగువాడు ఆటను నాటాడు. యాభై ఏళ్ళుగా పడమరకు విమానం ఎక్కుతున్న తెలుగువాడికి ఆ వీలు దొరకలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి యూఏఈ వెళ్ళినవాళ్ళది వీసా గడువు బతుకు. అక్కడ స్థిరపడే హక్కు లేదు, కుటుంబాన్ని తెచ్చుకునే జీతం చాలామందికి లేదు, పిల్లలు అక్కడ పెరగరు. పిల్లలు పెరగని చోట జిల్లా జట్టు ఎలా పుడుతుంది? ఖాళీ జాగాలో సెలవురోజు పొద్దున మనవాళ్ళు ఆడేది క్రికెట్. ఫుట్‌బాల్ అంటే మలప్పురం వాళ్ళది. గల్ఫ్‌లో ఎక్కడ చూసినా సెవెన్స్ టోర్నీలు కట్టేది మలయాళీలే.

ఇంటి దగ్గరా మనకు ఆ ఆట అపరిచితమేం కాదు. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ మెల్‌బోర్న్‌లోనే ఆతిథ్య ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4-2తో కొట్టారు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల జనాభా ఓషియానియా దేశాలన్నీ కలిపినా దానికంటే ఎన్నో రెట్లు. 2017లో అండర్-17 ప్రపంచకప్ మన దేశానికి వచ్చినప్పుడు ఆరు నగరాలు పంచుకున్నాయి. ఢిల్లీ, నవీ ముంబయి, గోవా, కోచి, గువాహటి, కోల్‌కతా. అందులో హైదరాబాద్ లేదు.

రెండో టికెట్టు

ఆ 2017లోనే పసిఫిక్ పిల్లల రాత మారింది. అంతకు రెండేళ్ళ ముందే ఒక సూచన కనిపించింది. 2015 అండర్-20 ప్రపంచకప్ న్యూజిలాండ్‌లో జరిగింది. ఆతిథ్య జట్టు కాబట్టి న్యూజిలాండ్‌కు నేరుగా చోటు. దాంతో ఓషియానియా టికెట్టు ఖాళీ అయింది. దాన్ని ఫిజీ పట్టుకుంది. జర్మనీ మీద 8-1తో చిత్తయింది. అందరూ ఇంతేలే అనుకుంటుండగా క్రైస్ట్‌చర్చ్‌లో హోండూరస్‌ను 3-0తో ఓడించింది. ఒక్క తలుపు పొరపాటున తెరుచుకుంటే చాలు, ఏం జరుగుతుందో తెలిసింది.

ఫిఫా 2017 నుంచి అండర్-17లో, అండర్-20లో ఓషియానియాకు రెండేసి చోట్లు ఇచ్చింది. అంటే ఫైనల్ చేరిన జట్లు రెండూ వెళ్తాయి. న్యూజిలాండ్ ఉన్నా ఇంకొకరికి చోటు. ఆ ఏడాది కొరియాలో అండర్-20 పోటీలకు వనువాటు వెళ్ళింది. మూడు లక్షల జనం ఉన్న దేశం మెక్సికో మీద 3-2, జర్మనీ మీద 3-2 తేడాతో మాత్రమే ఓడింది. వెనిజులా మాత్రం ఏడు కొట్టింది.

అక్టోబరులో న్యూ కాలెడోనియా మన దేశానికి వచ్చింది. గువాహటిలో మొదటి మ్యాచ్ ఎవరితో? ఫ్రాన్స్‌తో. తమను పాలించే దేశంతోనే ప్రపంచ వేదిక మీద మొదటి ఆట. 1998లో ఫ్రాన్స్‌కు ప్రపంచకప్ గెలిపించిన జట్టులోని క్రిస్టియన్ కరెంబ్యూ ఈ దీవుల బిడ్డే. అంటే ఇన్నాళ్ళూ ఇక్కడి మెరికలు అక్కడి జెర్సీ వేసుకున్నాయి. ఈసారి ఎదురుగా నిలబడి 7-1తో ఓడాయి. తర్వాత హోండూరస్ అయిదు కొట్టింది. మూడో మ్యాచ్ కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జపాన్‌తో. జపాన్ మొదట్లోనే గోల్ కొట్టింది. బెంగాలీ ప్రేక్షకులకు బలహీనుడి పక్షం అలవాటే, గోల మొదలైంది. ఆట చివరి అంకంలో జెకోబ్ జెనో తలతో బంతిని వలలోకి తోశాడు. 1-1. న్యూ కాలెడోనియాకు ప్రపంచకప్ స్థాయిలో అదే మొదటి పాయింటు. గ్రూపులో ఆఖరి స్థానంలో ఉన్న ఆ పిల్లలు కప్పు గెలిచినంత సంబరం చేసుకున్నారు. జెనో తర్వాత యూరప్ వెళ్ళి రొమేనియా క్లబ్బుల్లో ఆడాడు.

ఇదంతా చదివి కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. 2019లో బ్రెజిల్లో సోలమన్ దీవుల అండర్-17 కుర్రాళ్ళు మూడు మ్యాచ్‌ల్లో ఇరవై గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. 2023లో ఇండొనేషియాలో న్యూ కాలెడోనియా మీద ఇంగ్లండ్ పది, బ్రెజిల్ తొమ్మిది కొట్టాయి. ప్రతిసారీ అదే గొడవ మొదలవుతుంది: వీళ్ళను ఎందుకు పిలవాలి, వీళ్ళ బదులు మంచి యూరప్ జట్టొకటి వస్తే ఆట రక్తి కట్టేది కదా అని. యూరప్ పత్రికల్లో ఈ మాట మర్యాదగా రాస్తారు, మన టీవీ కామెంటేటర్లు మర్యాద లేకుండా అంటారు.

ఆ వాదన నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 1990లో పదకొండు గోల్స్ తిన్న యూఏఈని ఎవరూ ఇక రావద్దనలేదు. 2003లో వాళ్ళ ఇంట్లోనే కుర్రాళ్ళ పోటీలు పెట్టారు, మతర్ దొరికాడు. 2008లో ఆసియా అండర్-19 కప్పు గెలిచిన తర్వాతి తరం 2012 లండన్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. 2015 ఆసియా కప్‌లో పెద్దల జట్టు మూడో స్థానంలో నిలిచింది. అంటే మొదటి చావుదెబ్బకూ ఆ మూడో స్థానానికీ మధ్య పాతికేళ్ళు, కొన్ని వందల కోట్ల దిర్హమ్‌లు. దీవుల పిల్లలకు రెండో టికెట్టు ఇచ్చి పదేళ్ళు కూడా కాలేదు. దిర్హమ్‌ల సంగతి అడగనే వద్దు.

2025 నుంచి అండర్-17 ప్రపంచకప్‌ను ఏటా జరపాలని, జట్లను 48కి పెంచాలని ఫిఫా నిర్ణయించింది. అయిదేళ్ళపాటు వేదిక ఖతర్. ఓషియానియాకు మూడు చోట్లు దక్కాయి. న్యూజిలాండ్, న్యూ కాలెడోనియాలతోపాటు ఫిజీ అండర్-17 జట్టు మొదటిసారి ఆ మెట్టు ఎక్కింది. అంటే మళ్ళీ గల్ఫే: దుబాయ్ నుంచి దోహాకు విమానంలో గంటా గంటంబావు.

పదిహేడు దాటాక

అసలు చిక్కు పదిహేడేళ్ళు నిండాక మొదలవుతుంది. ప్రపంచకప్ ఆడి ఇంటికొచ్చిన కుర్రాడు ఏం చెయ్యాలి? యూరప్ అకాడమీలు ఆఫ్రికా పిల్లలను వెతికినట్టు దీవుల్లోని హోనియారా, పోర్ట్ విలా వీధుల్లో వెతకవు. వీసా, దూరం, పరిచయం లేకపోవడం, అన్నీ అడ్డమే. చాలామంది ఇరవై ఏళ్ళకే పోలీసుశాఖలోనో తోటపనిలోనో చేరి ఆదివారం ఆటగాళ్ళవుతారు.

దాటగలిగినవాళ్ళలో మనకు తెలిసిన పేరు ఒకటుంది. రాయ్ కృష్ణ. ఫిజీ ఉత్తర దీవిలో లంబాసా దగ్గర చెరకు రైతుల మధ్య పెరిగినవాడు, గిర్మిటియాల సంతతి. న్యూజిలాండ్ క్లబ్బుల్లో చేరి, ఆస్ట్రేలియా లీగులో టాప్ స్కోరరై, 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో కోల్‌కతా జట్టుకు వచ్చాడు. మొదటి సీజన్లోనే 15 గోల్స్, కప్పు. గచ్చిబౌలి మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ మీద ఆడుతున్నప్పుడు ఆ పేరు చూసి మనవాడే అనుకున్నవాళ్ళున్నారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫిజీకి చోటు దక్కిన తీరూ టికెట్టు కథే. అర్హత పోటీల్లో న్యూజిలాండ్ అర్హత లేని ఆటగాణ్ణి దించి అనర్హత తెచ్చుకుంది, ఫిజీ ఆ తలుపులోంచి దూరింది. జర్మనీ పది గోల్స్ కొట్టింది, కొరియా ఎనిమిది. నడుమ మెక్సికో మీద మాత్రం ముందు గోల్ కొట్టింది ఫిజీయే. అప్పటి ఒలింపిక్ ఛాంపియన్ మీద కొట్టిన ఆ గోల్ రాయ్ కృష్ణది. చివరికి 5-1తో ఓడారనుకోండి.

అతను వెళ్ళాల్సి వచ్చిన దారి ఎంత పొడుగో చూడండి: లంబాసా, ఆక్లండ్, వెల్లింగ్టన్, కోల్‌కతా. ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లు వదిలితే తప్ప ఆట జీతం పెట్టదు. ఆ లెక్క మార్చడానికి ఓషియానియా సమాఖ్య 2026 జనవరిలో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది. ఎనిమిది క్లబ్బులు: న్యూజిలాండ్ నుంచి రెండు, ఆస్ట్రేలియా నుంచి సౌత్ మెల్‌బోర్న్, తక్కినవి దీవులవి. తహితి యునైటెడ్, సోలమన్ కింగ్స్, వనువాటు యునైటెడ్, ఫిజీ నుంచి బులా ఎఫ్‌సీ. పాపువా న్యూగినీ తరఫున మళ్ళీ హెకారియే. దూరాల బాధ వీళ్ళకూ తప్పలేదు, అందుకే ఇంటా బయటా కాకుండా అందరూ ఒక్కో ఊళ్ళో చేరి విడతలవారీగా ఆడేలా పెట్టుకున్నారు. లీగ్ ఎన్నాళ్ళు నిలుస్తుందో, స్పాన్సర్లు ఎంతవరకు ఉంటారో ఇప్పుడే చెప్పలేం. ఈ దేశాల్లో సంఘాలకు డబ్బు ఇబ్బంది కొత్త కాదు. ఖతర్ నుంచి తిరిగొచ్చిన ఫిజీ కుర్రాడికి మాత్రం బా లోనో లౌతోకాలోనో ఉంటూనే జీతానికి ఆడే ఉద్యోగం ఒకటి పుట్టింది. చోట్లు కొన్నే ఉన్న ఉద్యోగం. పోటీ గట్టిగానే ఉంటుంది.